పిట్ట ముట్టలేదు

మా అన్న పోయిన మూడో రోజు వల్లకాట్లో విస్తరాకు ముందు కూర్చున్నాను. నెత్తిన ఎండ, గాలి తిరిగినప్పుడల్లా సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము. మా దాచేపల్లి వైపు దీన్ని పిట్టకు పెట్టడం అంటారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టి పక్కకు తప్పుకుంటే కాకి వచ్చి ముట్టాలి. ముడితే వాడికి తృప్తి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని లెక్క. అన్నకు మగపిల్లలు లేరు కాబట్టి తలకొరివి పెట్టిందీ నేనే, ఆకు వేసిందీ నేనే.

కోడికూర, గారెలు, సిగరెట్టు పెట్టాను. చివర్లో మా బాబాయి సంచీలోంచి క్వార్టర్ సీసా తీసి నా చేతికిచ్చాడు. తాగి తాగి లివర్ పోయి చచ్చినవాడికి మళ్ళీ అదే పెట్టాలట. నాకు ఒళ్ళు మండింది. కానీ వల్లకాట్లో ఎవరితో పోట్లాడతాను? మూత తిప్పి గ్లాసులో పోశాను.

నేను మానేసి అప్పటికి ఏడాది దాటింది. రాళ్ళ లారీ తోలుతూ రోజూ తాగేవాణ్ణి. మా ఆవిడ పిల్లల్ని తీసుకుని వినుకొండలో పుట్టింటికి వెళ్ళిపోయింది. మానాకే తిరిగొచ్చింది. ఇంకొక్కసారి ముట్టినా మళ్ళీ రానని చెప్పి మరీ వచ్చింది. ఆమె మాట అంటే మాటే.

ఆ వాసన ముక్కుకు తగలగానే నోట్లో నీళ్ళూరాయి. అన్న బూడిద ఇంకా పూర్తిగా చల్లారలేదు, నాకు నోరూరుతోంది. ఛీ, ఏం బతుకురా అనుకున్నాను.

తుమ్మచెట్టు మీద కాకి ఉంది, దిగడం లేదు. "నీ పిల్లల్ని మేం చూసుకుంటాంరా, రా, తిను" అని పెద్దవాళ్ళు కేకేశారు. ఉహూ. ఎంతసేపు చూసినా అది కదల్లేదు. అప్పుడు బాబాయి నా దగ్గరికొచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"ఒరేయ్, వాడు ఏనాడన్నా నువ్వు లేకుండా గ్లాసు ఎత్తాడా? నువ్వు ఒక్క గుక్క తాగి పెట్టు. అప్పుడు ముడతాడు."

"నేను మానేశాను బాబాయ్."

"చానా గొప్పోడివిలే. అన్న కంటే ఎక్కువా ఏంది నీ మానడం? ఒక్క గుక్కే గదరా."

అందరూ నావైపే చూస్తున్నారు. నాకు మంత్రాలు రావు, పూజలు రావు. కోటప్పకొండ మెట్లెక్కుతూ మా అమ్మ "చేదుకో కోటయ్యా" అనేది. బావిలోంచి నీళ్ళు చేదినట్టు నన్ను పైకి లాగమని. అదొక్కటే వచ్చు. కళ్ళు మూసుకుని అదే అనుకున్నాను. ఊరికే అనలేదు, ఒకటి అడిగాను కూడా. సామీ, ఆ కాకిని దించు, ఈ గండం నుంచి నేను బయటపడతాను అన్నాను.

కళ్ళు తెరిచేసరికి కాకి లేచి ఫ్యాక్టరీ వైపు ఎగిరిపోయింది. నాకు దేవుడి మీద పిచ్చికోపం వచ్చింది. ఇంత చిన్న పని నీ వల్ల కాలేదా అనుకున్నాను. గ్లాసు పెదవి దాకా వచ్చేసింది. అన్న కోసమే, అన్న కోసమే అని మనసు సణుగుతోంది. పచ్చి అబద్ధం, నా కోసమే.

"చేదుకో కోటయ్యా" అని ఈసారి పైకే అన్నాను. ఏడుపొచ్చేసింది. కాకి సంగతి ఎత్తలేదు, నన్ను వదలొద్దన్నాను, అంతే. బలమేమీ రాలేదు. నోరు ఊరుతూనే ఉంది. గ్లాసు మాత్రం కిందికి దిగింది. దాన్ని మట్టిలో వంచేశాను.

"అన్నని ఆకలితో పంపావు గదరా" అని బాబాయి తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆయన వెనకే మిగతావాళ్ళు. కాలవలో మునిగి, తడిబట్టలతో ఒక్కణ్ణే అన్న ఇంటికి నడిచాను.

వదిన లోపలి గదిలో గోడకానుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే అడిగింది.

"పిట్ట ముట్టిందా?"

ముట్టిందని చెప్తే ఆమెకు కాస్త ఊరట. నాలుక చివరి దాకా వచ్చింది. చెప్పలేకపోయాను.

"ముట్టలేదు వదినా" అని జరిగిందంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా పడాల్సిందే. ఆమె నన్ను పక్కన కూర్చోమంది.

"మీ నాయన దినం నాడు నువ్వు ఊళ్ళో లేవు, లారీతో ఒడిశా పోయావు. అప్పటికి మీ అన్న కూడా మానేసి ఉన్నాడు. ఇట్టాగే పిట్ట దిగలా. ఇట్టాగే ఒక్క గుక్క అన్నాడు మీ బాబాయి."

నాకీ సంగతి అన్న ఎప్పుడూ చెప్పలేదు.

"మీ అన్న తాగాడు" అంది వదిన. "ఆ రోజు పిట్ట ముట్టింది, అబ్బాయ్."