ఎవరైనా దిద్దుకోవచ్చని వేసిన పుస్తకం

హైదరాబాద్‌లో ఏ సందు చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులు వేలాడిన రోజులవి. నేనూ అక్కడే ఉద్యోగం చేస్తూ, సెలవు దొరికితే కర్ణాటకలోని మా ఊరు బీదర్ వచ్చేదాన్ని. సాయంత్రాలు ఇంటర్నెట్‌లో, ఎవరైనా రాసి ఎవరైనా దిద్దగలిగే తెలుగు విజ్ఞానసర్వస్వంలో, మా ఊరి గురించి రాసేదాన్ని. ముక్కూమొహం తెలియని వాళ్లెందరో అందులో తలా ఒక చెయ్యి వేశారు.

మా మేనత్తకు మాత్రం అందులో ఒక్క వాక్యమే ముఖ్యం. చనిపోయిన మామయ్య బస్సు కండక్టర్. బడిలో కన్నడమే చదివే మా తెలుగువాళ్ల పిల్లలకు, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో తెలుగు అక్షరాలు దిద్దించేవాడు. "ఆయన ఒక్కడే నేర్పిండని రాయి" అని అత్త పట్టుబడితే అలాగే రాశాను. అచ్చయిన ఆధారం ఏదీ లేదని ఎవరో ఆ వాక్యం తీసేశారు.

"అంటే ఆయన లేనే లేడన్నట్టా?" అని అత్త ఏడ్చింది.

నాకు పంతం వచ్చింది. ఆ పేజీలను ఎవరైనా మార్చుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు. రాసినవాళ్ల పేర్లు వేయాలి, మన పుస్తకాన్నీ అలాగే అందరికీ వదిలేయాలి, అంతే. బీదర్ పేజీలన్నీ కూర్చి, మామయ్య వాక్యం మళ్లీ చేర్చి పుస్తకం వేయించాను. చివరి పేజీలో రాసినవాళ్ల పేర్లూ, "ఇది అందరిదీ, ఎవరైనా దిద్దుకోవచ్చు" అన్న ముక్కా పెట్టాను.

మావాళ్లలో కొత్తది ఏదైనా ముందు ప్రార్థనలో పెట్టాలి. ఆ ఆదివారం పాస్టరయ్య ప్రార్థన చేసి, చివరి పేజీ కూడా గట్టిగా చదివాడు. అదే కొంప ముంచింది. పుస్తకాలు చేతికందాయో లేదో, జేబుల్లోంచి పెన్నులు బయటికొచ్చాయి! ఒకాయన వాళ్ల తాత తవ్వించిన బావిని చేర్చాడు. ఒకామె జొన్నరొట్టె గురించి నేను రాసిందంతా అడ్డంగా కొట్టేసింది. నాకు ఒళ్లు మండింది.

"అయ్యో, దిద్దేది నెట్ల! పుస్తకంల కాదు!" అని అరిస్తే వినేదెవరు?

అత్త తన పుస్తకాన్ని ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"నా దాన్ల ఎవరు చెయ్యి పెట్టొద్దు. ఇగ దీన్ని ఎవ్వరు తీసెయ్యలేరు గదా, బిడ్డా?"

"తీసెయ్యలేరు, అత్తమ్మా."

అప్పుడు పక్క బెంచీ మీది ముసలామె లేచి వచ్చింది. ఆమె భర్తా పోయి చాలా కాలమైంది.

"వదినా, అన్న ఒక్కడే నేర్పిండని పడ్డది ఇందుల. అన్న డ్యూటీకి పోయిన ఆదివారాలు మా ఆయన చెప్పిండు గదా. ఆయన పేరు యాడ లేదు" అంది. ఆ గొంతులో కోపం లేదు. అందుకే నాకు మరీ కష్టంగా అనిపించింది.

అత్త మొహం ఎర్రబడింది. కొట్లాట తప్పదనుకున్నాను. అత్త ఆ పేజీ తీసి, మామయ్య పేరు మీద వేలు పెట్టింది. తర్వాత నా చేతిలోని పెన్ను లాక్కుని "ఒక్కడే" అన్న మాట కొట్టేసింది. పక్కనే ఆ ముసలామె భర్త పేరు రాసింది.

"అందరు మీ పుస్తకాలు ఇటు తీస్కరాండ్రి," అంది తల ఎత్తకుండా. "అన్నిట్ల నేనే రాస్త."