మైల తీరిన కబురు

నా చిన్నప్పుడు బెంగళూరు కాటన్‌పేటలో మా వీధినంతా లేపేది మిల్లు కూత. మా నాయనా, పక్కింటి మామా ఆ మిల్లులో పక్కపక్క మగ్గాల దగ్గర పనిచేసేవారు. పొద్దున ముందు మామ వాళ్ళింటి అరుగు మీద కాఫీ, ఆ తర్వాతే ఇద్దరూ కలిసి మిల్లుకు. మామ మాకు చుట్టం కాదు. మా నాయనకు మగ్గం పని నేర్పి, చెయ్యి పట్టుకుని మిల్లులో చేర్పించినవాడు. అది చుట్టరికం కంటే తక్కువేం కాదని నేను ఈరోజుకీ వాదిస్తాను.

రెండో ప్రపంచ యుద్ధం నడిచినన్నాళ్ళూ సిపాయిల డేరాలకు గుడ్డ నేసి నేసి మిల్లుకు ఊపిరాడలేదు. యుద్ధం ఆగింది, ఆ గుడ్డ అడిగేవాళ్ళు లేకపోయారు. ఒక గురువారం సగం మందిని ఇక రావద్దన్నారు. వాళ్ళలో మామ ఉన్నాడు. మా నాయన లేడు.

మర్నాటి నుంచే మా నాయన పెరటి తలుపు తీసుకుని సందులోంచి మిల్లుకు పోవడం మొదలుపెట్టాడు. చొక్కాకు పెట్టుకునే మిల్లు ఇత్తడి బిళ్ళను జేబులో దాచేవాడు. సాయంత్రం కూడా దొంగలా అదే దారి. అన్నం సహించేది కాదు. నేర్పినవాడు ఇంట్లో కూర్చుంటే నేర్చుకున్నవాడు మగ్గం దగ్గర నిలబడడమేమిటి, నేనూ మానేస్తానని ఒకరోజు మా అమ్మతో అన్నాడు. అమ్మ పొయ్యిలోకి కట్టెలు గట్టిగా తోసింది. నన్నూ మామ వాళ్ళింటికి పోవద్దన్నారు. అత్త పెట్టే బొరుగుల ఉగ్గాని మీద బెంగ నాది.

పని పోయిన గురువారంతో లెక్కేస్తే పదకొండో రోజు ఆదివారం. మామ పొద్దున్నే ఇల్లంతా కడిగించి, గడపకు పసుపు రాయించి, వీధిలో గచ్చకాయలాడుతున్న నన్ను పిలిచాడు. తమ ఇంట్లో మైల తీరిందనీ, కాఫీకి రమ్మనీ మా నాయనకు చెప్పమన్నాడు. నేను పోయి అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. మా నాయన ఎవరు పోయారో ఏమోనని చెప్పులు కూడా వేసుకోకుండా వీధి తలుపులోంచే పరుగెత్తాడు. వెనకే నేను. నన్ను ఆపే ధ్యాస ఎవరికుంది?

"ఎవురు పోయినారన్నా?" అన్నాడు.

మామ అరుగు మీద తీరిగ్గా కూర్చుని ఉన్నాడు. "నేనూ అదే అడగల్లనుకుంటి. ఎవురూ పోని ఇంటికి పదినాళ్ళు మైల పట్టింది నువ్వే గదప్పా."

ఇదేం అశుభపు సరసమని అత్త లోపలి నుంచి విసుక్కుంది. మా నాయన అరుగు కిందే కూలబడి ఏడ్చాడు. మగవాళ్ళు ఏడవడం నేను చూడడం అదే మొదలు. నీకు ముఖం చూపించలేకపోయాను, నేనూ మానేస్తాను అన్నాడు. అప్పుడు మామకు నిజంగానే కోపం వచ్చింది.

"పని పోయినాదప్పా, నేను పోలేదు. నేను నేర్పించినోడు ఒకడు లోపల ఉండాడని చెప్పుకుంటా తిరగతా ఉండా. అదీ లేకుండా చేస్తావా? పని పోయిన బేజారు రెండునాళ్ళే ఉండె. నువ్వు దావ మార్చిన బేజారు ఇంగా పోలేదు."

ఆ మాట అని మామ మా నాయన జేబులో చెయ్యిపెట్టి బిళ్ళ తీసి, తన చేత్తోనే చొక్కాకు తగిలించాడు. తర్వాత తన మగ్గం ఎవరు చూస్తున్నారో, ఎలా ఆడుతోందో గుచ్చి గుచ్చి అడిగాడు. రెండు విడతల కాఫీ అయిపోయినా ఆ కబుర్లు తెగలేదు. నా ఉగ్గాని నాకు దొరికింది.

సోమవారం మా నాయన వీధి తలుపు నుంచే బయలుదేరాడు. మామకు కొన్నాళ్ళ తర్వాత పేటలోనే చీరల మగ్గం పని దొరికింది. ఆ కొన్నాళ్ళూ వాళ్ళకు తేలిగ్గా గడవలేదు. కానీ అరుగు మీద కాఫీ ఆగలేదు, కాఫీపొడి మా ఇంటి నుంచి పోయేదంతే.

పెద్దయ్యాక నేనూ చాలా ఏళ్ళు ఉద్యోగం చేశాను. తోటివాళ్ళ ఉద్యోగాలు పోయి నా పక్క కుర్చీలు ఖాళీ అయిన రోజులు వచ్చాయి. ఏం మాట్లాడాలో తెలియక అందరూ తల దించుకుని పోతుంటే, నేను ఆ సాయంత్రమే వాళ్ళ తలుపు తట్టేదాన్ని. ఏం మాట్లాడాలో నాకు మాత్రం తెలుసా? కాఫీ పెట్టండి, తాగి పోతానని అనేదాన్ని. నేనుండగా ఏ ఇంటికీ ఆ పది రోజుల మైల పట్టనివ్వలేదు.