దిగితే పడ్డదన్నరు

రాస్కో బిడ్డా, నా కోపం గూడ రాయి. పొద్దుగాల పటాన్‌చెరు దవాఖానల ఆ నర్సు పిల్ల నా చేతికి, పడిపోయేటోళ్లకు గుర్తుకు కట్టే పసుప్పచ్చ పట్టీ కట్టి, కుర్చీల కూసోబెట్టి, చేతులు ఆనియ్యకుండ లేసి గోడ దాక నడిచి రా అవ్వా అంటే నువ్వు నవ్వినవు గని, నాకు మా అత్త యాదికొచ్చి ఒళ్లు మండింది.

మా అత్త భానూర్ల పటేలోళ్ల పొలాలల్ల నాట్లేసిన మనిషి, ముసలితనంల గూడ గొంతుక్కూసోని అంట్లు తోమి, దేన్ని పట్టుకోకుండ లేస్తుండె. మాకు కుర్చీ యాడిది, ఒక్కటుంటే దానిమీద బట్టలేస్తుంటిమి. మీ తాత బొల్లారం మందుల కంపెనీకి పోయే రోజులల్ల ఆమెకు జరమొస్తే సంగారెడ్డిల ఒక దవాఖానకు నేనే తోల్కపోయిన. జరం తగ్గింది, ఇంటికి పంపేముందు నడక చూస్తమన్నరు.

ఎదురు మంచంల పటేల్ పెండ్లాం, పక్కన కుర్చీల పటేల్. ఆయన కూసున్న కాడ మేం కిందనే కూసోవాలె, అది ఎవలు చెప్పి నేర్పింది గాదు. డాక్టర్ బలవంతంగ కూసోబెడితే అత్త కుర్చీ అంచుకు ఆని, కొంగు నెత్తిమీదికి గుంజుకోని, మెల్లగ నేల మీదికి దిగింది. నర్సు పడ్డది, పడ్డది అని కేకేసింది.

"పడలే సిస్టరమ్మా, దిగింది! కిందికెల్లి ఎట్ల లేస్తదో సూడుండ్రి," అన్న నేను.

"కుర్చీలకెల్లి లేస్తేనే లెక్కమ్మా, నువ్వు జరుగు."

ఎందుకు దిగిందో పటేల్‌కు ఎరుకే. ఒక్క మాట అంటే అయిపోతుండె. గొంతు సవరించుకోని కిటికీ దిక్కు తిరిగిండు. ఆ మొఖం ఇప్పటికీ నా కండ్లల్ల మండుతది.

మంచానికి రెండు దిక్కుల కటకటాలు లేపి, పడ్తదని కాలు కింద పెట్టనియ్యలే. రోజులు గడిచి ఆటోల ఇంటికి తెచ్చేసరికి ఆ కాళ్లు పుల్లలయినయి. అత్త మళ్ల నిలబడలే. మంచంలనే పోయింది.

ఇప్పుడు ఆ పటేల్ మనుమడు, మీ నాయిన ఒక్క కంపెనీ బస్సుల పక్కపక్కన కూసోని పోతుండ్రు, మంచిదే. ఇయ్యాల ఆ పిల్ల పట్టీ కట్టినంక, ఇంట్ల ఎట్ల కూసుంటవ్, ఎట్ల లేస్తవ్ అవ్వా అని అడిగింది. గంతే, గా ఒక్క మాట. ఆనాడు మా అత్తను ఎవలన్న అడిగి ఉంటే, ఆమె తన కాళ్ల మీదనే ఇల్లు చేరుతుండె.