సార్, ఓటీపీ

బుల్లిబాబు పద్దెనిమిది ఆఫీసుల కంప్యూటర్లు చూసుకుంటాడు. మాదాపూర్‌లో పళ్ల డాక్టరు, కొండాపూర్‌లో ఇద్దరు ఆడిటర్లు, ఖాజాగూడ చెరువు దగ్గర ఒక ఆర్కిటెక్టు, ఇలాంటి చిన్నచిన్న వాళ్లే అందరూ. జీతమిచ్చి కంప్యూటర్ మనిషిని పెట్టుకునే స్తోమత ఎవరికీ లేదు కాబట్టి అందరికీ కలిపి అతనొక్కడే. ప్రింటర్ మొరాయిస్తే అతనే, ఇంటర్నెట్ పోతే అతనే. ఏసీ రిమోట్ పనిచేయడం లేదని కూడా ఒకటి రెండుసార్లు పిలిచారు. దొంగలు పడకుండా కాపాడటమూ అతని పనేనని మాత్రం, దొంగలు పడ్డాకే అందరికీ గుర్తొస్తుంది.

అమలాపురం దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇరవై రెండేళ్లయింది. మొదట్లో విడిభాగాలు కొని కంప్యూటర్లు బిగించి అమ్మేవాడు. ఆ కాలం పోయాక తనకంటే సగం వయసు పిల్లల పక్కన కూర్చుని భద్రతా కోర్సులు చదివాడు, నలభై ఐదేళ్లప్పుడు పరీక్ష పాసయ్యాడు. ఆ సర్టిఫికెట్ బాచుపల్లి ఇంట్లో హాల్లోనే తగిలించి ఉంది. భార్య వీరలక్ష్మి రోజూ దాని దుమ్ము దులుపుతుంది. ఆ చదువుతో అతను చెప్పేది వినే నాథుడే లేడు. పాస్‌వర్డ్ మార్చమంటే గుర్తుండదంటారు. గుర్తుండేది పెట్టుకుంటే అందరికీ చెప్పేస్తారు. నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పడం, వాళ్లు నవ్వేయడం, ఇంటికొచ్చి "నేను ఫలానా తేదీన హెచ్చరించాను" అని ఒక మెయిల్ పెట్టడం, ఇదే అతని బతుకైపోయింది. రేపు ఏదైనా జరిగితే తన మీదికి రాకుండా ఉంటుందని అతని ధీమా.

ఆ పద్దెనిమిదిమందిలో పెద్దన్న అనే ఆయన ఒక్కడే పదిమంది పెట్టు. ప్రొద్దుటూరు మనిషి. ప్లాట్లు అమ్మీ అమ్మీ విసుగొచ్చి, కంపెనీలకు ఉద్యోగుల్ని వెతికిపెట్టే ఆఫీసు తెరిచాడు. హైటెక్ సిటీ స్టేషన్‌కు దగ్గరలో, మూడో అంతస్తు. పదకొండు మంది సిబ్బంది. పాస్‌వర్డ్ ఒక్కటే సరిపోదని బుల్లిబాబు అక్కడ రెండో తాళం కూడా పెట్టాడు. పాస్‌వర్డ్ కొట్టాక ఫోనుకు ఆరంకెలు వస్తాయి, అవి కూడా కొడితేనే మెయిల్ తెరుచుకుంటుంది. ఎవరి అంకెలు వాళ్ల ఫోనుకే రావాలి. పెద్దన్న ఒప్పుకోలేదు.

"కంపెనీ నాది బుల్లిబాబూ. తాళాలన్నీ నా జోబీలోనే ఉండాల. అందరివీ నా నంబరుకే పెట్టు."

పెట్టాడు. పెట్టనని ఎలా అంటాడు? అదే బిల్డింగ్‌లో ఇంకో ఐదు ఆఫీసులు ఇప్పించింది పెద్దన్నే.

ఇక అప్పటినుంచి ఆఫీసులో ఎవరికి మెయిల్ తెరవాలన్నా పెద్దన్నకు ఫోన్ చేయాల్సిందే. "సార్, ఓటీపీ" అంటే చాలు, ఆయన ఆరంకెలూ చదివేస్తాడు. సైటు మీదున్నా, పెళ్లి భోజనంలో ఉన్నా, క్షవరం చేయించుకుంటున్నా చదివేస్తాడు. ఎవరు అడిగారో చూడడు. అలా చదవకూడదండీ అని బుల్లిబాబు చెప్పాడు. "నా నంబరుకు చేసేది నా పిల్లోళ్లే కదప్పా" అని ఆయన నవ్వాడు. బుల్లిబాబు ఇంటికెళ్లి మెయిల్ పెట్టాడు. ఏడాదిలో అలాంటివి నాలుగు పెట్టాడు.

సోమవారం ఉదయం ఆఫీసు తెరిచేసరికి వరండాలో ముప్పైమందికి పైగా నిలబడి ఉన్నారు. అందరి చేతుల్లోనూ ఉద్యోగపు ఉత్తరాలే. శనివారం పెద్దన్న ఆఫీసు మెయిల్ నుంచే వచ్చాయి, ఆఫీసు ముద్రతో సహా. ఆధార్, పాన్ అడిగితే అందరూ పంపేశారు కూడా. ఉత్తరాలన్నీ దొంగవి. వెళ్లింది మాత్రం స్వాతి చూసే మెయిల్ నుంచి.

స్వాతి అక్కడ నాలుగేళ్లుగా పనిచేస్తోంది. బోరబండ నుంచి రోజూ లోకల్ రైల్లో వస్తుంది. కొత్తగా చేరేవాళ్ల పాత ఆఫీసులకు ఫోన్ చేసి, మనిషి ఎలాంటివారు, ఎందుకు మానేశారు అని ఆరా తీయడం ఆమె పని. బుల్లిబాబు వెళ్లేసరికి ఆమె పెద్దన్న గదిలో నిలబడి ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. బల్ల మీద ఆమెను తీసేస్తున్నట్టు రాసిన కాగితం ఉంది. దాని పక్కన ఇంకొకటి, బుల్లిబాబు సంతకం కోసం. స్వాతి నిర్లక్ష్యం వల్లే దొంగలు మెయిల్‌లోకి వచ్చారని అందులో రాసి ఉంది.

"సార్, నేనేం జెయ్యలే. శనివారం నేను ఈడ్నే ఉన్న. గా మెయిల్‌లు నేను పంపలే" అంది స్వాతి.

బుల్లిబాబు ముందు పాస్‌వర్డ్ మార్చి, తర్వాత వివరాలు తీశాడు. శనివారం పదకొండూ ఇరవైకి ఎవరో బయటినుంచి లోపలికొచ్చారు. పాత పాస్‌వర్డ్ ఆఫీసు పేరూ, పక్కన ఒకటీ రెండూ మూడూ. దాన్ని ఊహించడానికి పెద్ద దొంగే అక్కర్లేదు.

"పాస్‌వర్డ్ ఒక్కటీ తెలిస్తే రాలేరండి. ఆ అంకెలు మీ ఫోనుకే వచ్చాయి. పదకొండూ ఇరవైకి మీకు కొత్త నంబరు నుంచి కాల్ వచ్చిందండి, మీరు మాట్లాడారు కూడా. చూడండి" అని బల్ల మీదున్న ఆయన ఫోన్‌లో శనివారం కాల్స్ తీసి చూపించాడు.

పెద్దన్న చూడలేదు. "నాకు దినానికి నూరు కాల్స్ వస్తాయి. ఈ పిల్లే యా ఫోన్ నుంచో చేసింటాది. నువ్వు సంతకం పెట్టు. ఈ బిల్డింగ్‌లో నీకు పనులు ఇప్పించింది ఎవరో మర్సిపోవద్దు."

బుల్లిబాబు ఒళ్లు మండిపోయింది. ఆ కాగితం మీద తన సంతకం పడితే స్వాతికి గచ్చిబౌలి దాకా ఎక్కడా ఉద్యోగం రాదు. ఆమె ఇన్నాళ్లూ కొత్తవాళ్ల గురించి చేసిన ఆరా ఫోన్లే ఇక ఆమె గురించి వస్తాయి, ఎత్తి జవాబు చెప్పేది పెద్దన్న. పెట్టకపోతే తనకు ఆరు ఆఫీసులు పోతాయి. "చదివి వస్తానండి" అని కాగితం పట్టుకుని బయటికొచ్చాడు.

వరండాలో మొదటి బెంచీ మీద కూర్చున్న అమ్మాయి లేచి నిలబడింది. పేరు సంయుక్త అని, బాచుపల్లిలో ఒక స్కూల్లో టీచరునని చెప్పింది. "నిన్ననే రాజీనామా మెయిల్ పెట్టేశానండి. ఇది నిజమైనదేనా అండి?" అని ఉత్తరం చూపించింది. బుల్లిబాబు ఉత్తరం మీంచి తలెత్తాడు. ఆమె వెనక ఆఫీసు బోర్డు ఉంది. దాని మీద పెద్దన్న ఫోన్ నంబరు అరచేయంత అంకెల్లో రాసి ఉంది. దాన్ని చూడగానే అతనిలో ఇన్నేళ్ల విసుగూ ఒక్కసారి కట్టు తెంచుకుంది.

"అమ్మా, నీ ఫోన్ నుంచి ఈ నంబరుకు చెయ్యి. 'సార్, ఓటీపీ' అను. అంతే, ఇంకేం అనకు" అన్నాడు. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని స్వాతి మెయిల్‌కు తను పెట్టిన కొత్త పాస్‌వర్డ్ కొట్టాడు.

అద్దాల గదిలో పెద్దన్న స్వాతి వైపు వేలు చూపించి అరుస్తున్నాడు. ఫోన్ మోగింది. అరుపు ఆపాడు, ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు, ఒకసారి తెర చూసుకుని ఏదో చదివాడు, ఫోన్ బల్ల మీద పెట్టేసి మళ్లీ అరుపు అందుకున్నాడు. సంయుక్త ఆరంకెలూ చెప్పింది. మెయిల్ తెరుచుకుంది.

బుల్లిబాబు ల్యాప్‌టాప్, సంతకం పెట్టని ఆ కాగితం తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాడు.

"స్వాతి మీ ఎదురుగానే నిలబడి ఉంది కదండీ. మరి ఇప్పుడు ఓటీపీ ఎవరికి చెప్పారు?"

పెద్దన్న తెర వంక చూశాడు, స్వాతిని చూశాడు, అద్దంలోంచి ఇంకా చెవి దగ్గర ఫోన్ పెట్టుకునే ఉన్న సంయుక్తను చూశాడు. మొహం మాడిపోయింది. తిడతాడని బుల్లిబాబు అనుకున్నాడు. ఆయన రెండు కాగితాలూ చింపి చెత్తబుట్టలో వేశాడు, ఫోన్ బల్ల మీదుగా ఇటు తోశాడు. "మార్చెయ్యప్పా. అన్నీ మార్చెయ్యి" అని కుర్చీలో కూలబడ్డాడు.

ఎవరి అంకెలు వాళ్ల ఫోనుకే వచ్చేలా పెట్టడం, ఏడాదిగా ఆయన చేయనివ్వని పని. పదకొండు మందికీ కలిపి అరగంట పట్టింది. బుల్లిబాబుకు లోపల ఉత్సాహంగా ఉంది, దాచుకుందామన్నా దాగడం లేదు. చివరికి స్వాతి ఫోన్ మిగిలింది. ఆమె థాంక్స్ చెబుతుందనే అనుకున్నాడు.

"సార్, పెద్దన్న సారు ఎవరడిగినా చెప్తడని మీకు ముందే ఎర్కనా?"

"ఎందుకు తెలీదమ్మా! నాలుగుసార్లు చెప్పాను. నాలుగు మెయిల్స్ పెట్టాను. కావాలంటే తేదీలతో సహా చూపిస్తాను."

"గవి మీరు మీ కోసం పెట్టుకున్నరు సార్." ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఇయ్యాల చేయించిన ఫోన్ గప్పుడే ఒక్కసారి చేయించి ఉంటే, సారు గప్పుడే మారుస్తుండె కదా. గా పిల్ల నౌకరి ఇడుస్తుండెనా?"

వరండాలో సంయుక్త స్కూలుకు మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తోంది, అవతల ఎవరూ ఎత్తడం లేదు.