పక్కకు పెట్టిన గింజ

ఆదివారం పొద్దున మా ఇంటి యజమానురాలు యాదమ్మ మేడమీద జొన్నలు చెరుగుతోంది. చేటలో గింజలు లేచి పడే చప్పుడు, పురుగు పట్టకుండా వాటిలో కలిపి ఉంచిన ఎండు వేపాకు వాసన, రెండూ కలిసి మెట్లు దిగి నా గదిలోకి వచ్చాయి. పరీక్ష పేపర్లు దిద్దుతున్నదాన్ని, ఎర్రపెన్ను అక్కడే వదిలి పైకి వెళ్ళాను. యాదమ్మ ఎదురుగా కూర్చుని, ఆమెతో మాట్లాడుతూనే ఒక గింజ తీసి గచ్చు మీద విడిగా పెట్టాను. "రాయా మేడం?" అంది. కాదన్నాను. "పుచ్చిందా?" కాదు, మంచి గింజే. "మరెందుకు తీస్తివి?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ అలవాటు నేర్పిన మనిషి పోయి రెండేళ్ళవుతోంది. పోకముందు ఆమెకు నేనేం చేశానో యాదమ్మకు తెలియదు. నన్ను సభలకు పిలిచి శాలువాలు కప్పేవాళ్ళకు అంతకన్నా తెలియదు.

ఆమె పేరు బీరవ్వ. కల్వకుర్తి అవతల మా ఊళ్ళో మా ఇంటికీ వాళ్ళింటికీ ఒకటే గోడ. మేం వ్యవసాయం చేసుకునేవాళ్ళం, వాళ్ళు గొర్రెలు కాచుకునేవాళ్ళు. భర్త పోయాక మందను అమ్మేసి, ఒక్క కూతురిని నకిరేకల్ దగ్గర ఇచ్చి, ఆ ఇంట్లో ఒక్కతే ఉండేది. పిల్లప్పుడెప్పుడో తుమ్మముల్లు గుచ్చుకుని ఎడమ కన్ను పోయింది. మిగిలిన ఒక్క కంటితో ఆమె గింజలు చూసేది. అంటే, ఏదైనా ఎటూ తేల్చుకోలేనివాళ్ళు తమ ఇంటి గాదెలోంచి గుప్పెడు జొన్నలు తెచ్చి ఆమె చేటలో పోస్తారు. ఆమె ముందుగా ఒక గింజ తీసి పక్కకు పెడుతుంది. "ఇది మనకు తెల్వనిది. దీన్ని లెక్కల కలుపొద్దు" అంటుంది. తర్వాత అడిగినవాళ్ళు చిటికెడు గింజలు పట్టుకుని మళ్ళీ చేటలో వదలాలి. ఆమె వాటిని జతలు జతలుగా జరుపుతుంది. సరి వస్తే చెయ్యమని, బేసి వస్తే వద్దని.

ఇంతే అయితే బీరవ్వ గురించి రాయవలసిన పని లేదు. ఊరికి ఇద్దరు ముగ్గురు అట్లాంటి వాళ్ళుంటారు. ఆమె పద్ధతి వేరు. ఒకసారి మల్లయ్య అనే కాపరి పొట్టేలు తప్పిపోయిందని పరుగెత్తుకొచ్చాడు. గింజలు చేటలోనే ఉన్నాయి, ఆమె ముట్టుకోలేదు. "నిన్న ఎవలతోటి లొల్లి పెట్టుకున్నవ్?" అని అడిగింది. ఎవరితోనూ లేదన్నాడు. "మీ తమ్మునితోటి?" మల్లయ్య తల దించుకున్నాడు. "గింజలు సూడమంటవా, తమ్ముని దొడ్డి సూసొస్తవా?" మల్లయ్య గింజలు కూడా వెనక్కి తీసుకోకుండా వెళ్ళిపోయాడు. పొట్టేలు అక్కడే దొరికింది. నేను ఆశ్చర్యపోతే ఆమె నన్ను ఎగతాళి చేసింది. "గింజలకేం తెలుస్తది పిల్లా? జొన్నలవి. అడిగెటోనికే అన్ని తెలుసు. ఆఖరి గింజ పడంగనే ఆని పానం సంబురపడ్డదా, గుబులు పడ్డదా, గది సూడాలె."

తెలంగాణ వచ్చిన ఏడాది నేను ఇంటర్ లెక్కల్లో తప్పాను. చదువు మానేద్దామా అని గింజలు పట్టుకెళ్ళాను. బేసి వచ్చింది, మానొద్దని. నాకది నచ్చలేదు. మరునాడు ఇంకో గుప్పెడు తీసుకుని వెళ్ళి, కుట్టుమిషను నేర్చుకుందునా అని అడిగాను. బీరవ్వ నా మొహంలోకి ఒకసారి చూసి, చేటను అమాంతం బోర్లించింది. గింజలన్నీ వాకిట్లో చెల్లాచెదురయ్యాయి. "నిన్నటి ప్రశ్నకే కొత్త అంగి తొడిగి తెచ్చినవ్ గదనే! ఒక్కదాన్నే మళ్ల మళ్ల అడిగితె గింజలు నీకు నచ్చిందే చెప్తయి. గప్పుడవి గింజలు గావు, నీ నోరే" అంది. పౌరుషంతో లేచి వచ్చేశాను. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. కానీ మార్చిలో లెక్కలు మళ్ళీ రాశాను, పాసయ్యాను. ఈ రోజు కల్వకుర్తిలో ఒక కాలేజీలో తెలుగు చెప్పుకుని బతుకుతున్నానంటే ఆనాడు వాకిట్లో పడిన ఆ గింజల పుణ్యమే.

మా అమ్మా బాపూ ఒకరి వెనక ఒకరు పోయాక ఊళ్ళో నాకంటూ మిగిలింది బీరవ్వే. అదే రోజుల్లో ఫోన్‌లోకి ఏఐ వచ్చింది. అందరూ దానితో ప్రశ్నపత్రాలు తయారు చేయించుకుంటుంటే నాకు వేరే ఆలోచన వచ్చింది. బీరవ్వ పద్ధతంతా, ఆమె మాటలతో సహా, ముప్పై పేజీలు రాసి దానికి చెప్పాను. సాయంత్రాలు నేనే చేటలో గింజలు వేసి, ఎన్ని వచ్చాయో ఫోన్‌కు చెప్పేదాన్ని. అది అర్థం చెప్పేది, వెంటనే ఒక ప్రశ్న వేసేది. ఉన్నమాట చెప్పాలంటే మంచి ప్రశ్నలే వేసేది. బాపు మీద నాకున్న కోపం కోపం కాదనీ, ఆయన చివరి రోజుల్లో నేను పక్కన లేకపోవడమనీ నా చేతే చెప్పించింది. ఆ మాట టైపు చేసి చాలాసేపు ఏడ్చాను. రోజూ రాసుకున్నవి 'గింజల మాట' అని ఆన్‌లైన్‌లో పెడుతుంటే వేలమంది చదివారు. అంతవరకు నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను.

ఒక సెలవురోజు ఫోన్ తీసుకెళ్ళి బీరవ్వకు చూపించాను. ఆమె అడిగినవాటికి అది తెలుగులోనే పైకి జవాబు చెబుతుంటే ముసిముసిగా నవ్వుతూ వింది. "మంచిగనే మాట్లాడుతాంది. నాకంటె ఓపికున్నది దీనికి" అంది. "తెల్వదని ఎప్పుడన్న అంటదా?" అని అడిగింది. "అంటది అవ్వా, ఒక్కోసారి." "మరి అడిగిందే అడిగితె చేట బోర్లిస్తదా?" ముప్పై పేజీల్లో ఆ ఒక్క సంగతీ రాయలేదు. మరిచిపోయానని చెప్పాను. "రాయి బిడ్డా. అన్నిట్ల గదే అసలుది" అంది బీరవ్వ. సరేనన్నాను. రాయలేదు. చేట బోర్లించే మనిషి దగ్గర పెరిగినదాన్ని, బోర్లించని దాని రుచి మరిగాను.

ఆ తర్వాత హైదరాబాద్‌లో ఒక సభకు నన్ను పిలిచారు. యంత్రంతో కలిసి మన మనసును మనం చదువుకోవడం గురించి మాట్లాడాలి. ఆదివారం సభ, శుక్రవారం పొద్దున్నుంచే అక్కడ ఉండాలన్నారు. సభలో బీరవ్వ గొంతు వినిపిస్తే బాగుంటుందని గురువారం ఊరికి వెళ్ళాను. ఆమెను చూడడానికి కాదు, ఆమె గొంతు పట్టుకుపోవడానికి. వెళ్ళేసరికి బీరవ్వ మంచం మీద పడుకుని తల పట్టుకుని మూలుగుతోంది. ఉన్న ఒక్క కన్నూ ఎర్రగా మంకెనపువ్వులా ఉంది. పొద్దున వాంతి కూడా అయిందట.

"తలకాయ పలుగుతాంది బిడ్డా. కరెంటు బుగ్గ చుట్టు సింగిడి లెక్క రంగులు కనవడ్తున్నయి. దవాఖానకు పోవాల్నంటవా?" అని అడిగింది. పోవాలని నాకు తెలుసు. మహబూబ్‌నగర్‌లో కంటి దవాఖాన ఉంది, ఆ రోజే తీసుకెళ్ళవచ్చు. కానీ అక్కడ ఉండమంటే? శుక్రవారం? ఆదివారం? "గింజలు సూస్త ఉండవ్వా" అన్నాను. తడిగుడ్డ ఆమె కళ్ళ మీద కప్పి, ఆమె చేట తీసుకుని గడప దగ్గర కూర్చున్నాను.

సోమవారం దాకా ఆగుదునా అని అడిగి గింజలు వేశాను. బేసి వచ్చింది. ఆమె లక్షణాలతో సహా ఫోన్‌కు చెప్పాను. అది గింజల జోలికే పోలేదు. ఇది ప్రమాదం కావచ్చు, ఈ రోజే కంటి డాక్టరుకు చూపించండి అంది. మళ్ళీ గింజలు వేశాను, మళ్ళీ రాశాను. మళ్ళీ అదే చెప్పింది. మూడోసారి గింజలు వేసి, వాంతి సంగతి తీసేసి రాశాను. నాలుగోసారి ఇంద్రధనుస్సు రంగుల సంగతి తీసేశాను. ఐదోసారి, ముసలావిడకు తలనొప్పి అని మాత్రం రాశాను. ఆరోసారి అసలు మనిషినే తీసేశాను. "నాకు దగ్గరైన ఒక విషయంలో తొందరపడక ఆగుదునా? సరి వచ్చింది. గింజల అర్థం చెప్పు" అన్నాను. కంకి పాలు పోసుకునే వేళ కోత కోయరనీ, నిదానం కూడా ఒక ప్రేమేననీ ఎంతో అందంగా చెప్పింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆఖరి గింజ పడగానే నా ప్రాణం ఏమందో ఆ రోజు నన్ను అడిగేవాళ్ళు లేరు.

"గింజలు ఆగుమన్నయి అవ్వా. సోమవారం పొద్దుగాలనే పోదాం" అన్నాను. గుడ్డ కిందనుంచి బీరవ్వ, "ఎన్నిసార్లడిగినవ్ బిడ్డా?" అంది.

"ఒక్కసారే."

ఆమె కళ్ళ మీది గుడ్డను సరిచేసుకుంది. తర్వాత, "సరే తియ్యి" అంది. అంతటితో ఆగానా అంటే అదీ లేదు. సిగ్గు విడిచి, జర నాలుగు మాటలు చెప్పు అవ్వా అని ఫోన్ ఆమె నోటి దగ్గర పెట్టాను. మూలుగు ఆపుకుని చెప్పింది. తలనొప్పి బిళ్ళలు రెండు ఆమె చేతిలో పెట్టి బస్సెక్కాను.

ఆదివారం సభ బ్రహ్మాండంగా జరిగింది. ఇది మనకు తెల్వనిది, దీన్ని లెక్కల కలుపొద్దు అని బీరవ్వ గొంతు వినిపించగానే హాలంతా చప్పట్లు కొట్టింది. ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూ వచ్చి నా చేతులు పట్టుకుంది, ఇంత గొప్ప మనిషి దగ్గర పెరిగిన మీరు అదృష్టవంతులు అంది. నేను వినయంగా తల వంచాను. ఆ వినయం తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

సోమవారం మహబూబ్‌నగర్ డాక్టరు లైటు వేసి చూసి, నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగింది. గురువారం అన్నాను. "గురువారమే తెస్తే కాపాడేటోళ్ళం కదమ్మా. కంట్ల ప్రెషర్ పెరిగి నరం చచ్చిపోయింది" అంది. బీరవ్వ కుర్చీలో కూర్చుని అంతా వింటోంది. నేనున్న వైపు కాకుండా గోడ వైపు తిరిగి, "ఇంక పోదామా బిడ్డా?" అని అడిగింది.

ఆ తర్వాత ఏడాదిన్నర బతికింది. ఊరివాళ్ళు తలరాత అన్నారు. కూతురు వచ్చి నకిరేకల్ తీసుకుపోతానంటే, తెలిసిన గోడలైతే తడుముకోవచ్చని కదల్లేదు. నేను ప్రతి శనివారం వెళ్ళి వండిపెట్టి వచ్చేదాన్ని. ఊళ్ళో అందరూ, కన్నబిడ్డ కూడా ఇట్ల చూడదని నన్ను మెచ్చుకునేవాళ్ళు. ఆ మెప్పును కాదనే ధైర్యం కూడా నాకు లేకపోయింది. గింజలు చూపించుకోవడానికి మాత్రం ఆమె దగ్గరికి అందరూ రావడం మానేశారు.

ఒక శనివారం ఆమే అడిగింది, మీ ఇంట్ల జొన్నలు గుప్పెడు తెమ్మని. మా పాత ఇంటి తాళం తీసి, గాదె అడుగున మిగిలినవి తెచ్చి చేటలో పోశాను. తడిమి ఒక గింజ తీసి పక్కకు పెట్టింది. మిగిలినవాటి మీద చెయ్యి ఆనించి, "గా గురువారం ఎన్నిసార్లడిగినవ్?" అంది.

నేను పక్కకు పెట్టిన ఆ ఒక్క గింజ వంకే చూశాను.

"ఆరుసార్లు" అంది తనే. "చేటల గింజలు పడుతుంటె ఇన్న. కండ్ల మీద గుడ్డ కప్పితివి గని చెవులకు కప్పలె."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదవ్వా? చేట ఎందుకు బోర్లియ్యలేదు?" అని ఏడుస్తూ అడిగాను. తప్పు నేను చేసి, ఆపనందుకు ఆమెను నిలదీశాను.

"పట్నంల నీకు పనుండె. పోవాల్నని నీ పానం కొట్టుకుంటుండె, నాకు ఇనవడ్డది. ఒకరోజు అటిటైతే ఏమైతదిలే అనుకున్న. నేను సుత తెల్వనిదాన్ని లెక్కల కలిపిన" అంది. తర్వాత కొంచెం ముందుకు వంగి, "మొదటిసారి ఏమన్నది నీ ఫోను?" అని అడిగింది.

"దవాఖానకు తీస్కపొమ్మన్నది."

"గట్లనా," అంది బీరవ్వ. "పాపం, మంచిగనే చెప్పింది. దాన్నేమనకు."

అని, చేట రెండు అంచులూ తడిమి పట్టుకుని బోర్లించింది. కోళ్ళు ఉరికొచ్చాయి. ఆమె గదిలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మా మధ్య ఆ మాట మళ్ళీ రాలేదు. ఆమె నన్ను ఒక్క మాటైనా తిట్టి ఉంటే నాకు ఈ బరువు ఇంత ఉండేది కాదు.

ఆ చేట ఇప్పుడు నా గదిలో ఉంది. ఫోన్‌నూ వదిలెయ్యలేదు, వదిలేస్తే తప్పు దానిదేనని చెప్పినట్టవుతుంది. ఇప్పటికీ గింజలు వేస్తాను, అడుగుతాను, రాసుకుంటాను. నేను మరిచిపోయానని చెప్పిన ఆ సంగతి కూడా బీరవ్వ పోయాక రాశాను. అడిగిందే మళ్ళీ అడిగితే జవాబు చెప్పొద్దని రాశాను. అది ఒప్పుకుంది. ఒక్కోసారి నిజంగానే చెప్పనంటుంది. అప్పుడు నా వేళ్ళు వాటంతటవే కదులుతాయి, ప్రశ్నకు కొత్త అంగీ తొడగడానికి. ఆ వేళ్ళను చూసుకుంటూ కూర్చుంటాను. గడప అవతల మంచం మీద, కళ్ళకు తడిగుడ్డ వేసుకుని, ఒక మనిషి గింజల చప్పుడు లెక్కపెడుతూ ఉంటుంది.