బయమ్మ పటానికి స్కానర్

ముదిగుబ్బ దాటి రెండు మైళ్లు పోయాక మా అనంతపురం బస్సు వెనక టైరు పగిలింది. అందరం దిగి కానగ చెట్ల కింద నిలబడ్డాం. ఇంకో బస్సు వస్తుందని కండక్టర్ అన్నాడు. నా పక్కనున్న మనిషి చంకలో దుప్పటి చుట్టిన పలక లాంటిదేదో ఉంది. రెండో చేతిలో అట్టపెట్టె. గాలికి దుమ్ము లేచినప్పుడల్లా అతను వెనక్కి తిరిగి, దుప్పటికి తన వీపు అడ్డం పెడుతున్నాడు.

"కింద పెట్టరాదా అప్పా, చేయి పీకుతుంది" అన్నాను.

"మా యమ్మ పటం. యాడంటే ఆడ పెట్టేదానికి లేదు, పెద్దాయనా."

పేరు పుల్లన్న. నల్లమాడ దగ్గర పల్లె. ఏడెకరాల మెట్ట, వానొస్తే శనక్కాయ, రాకపోతే లేదు. యాభైకి ఒకటి తక్కువ. అతను పదకొండు నెలల బిడ్డగా ఉన్నప్పుడే తల్లి బయమ్మ పోయింది. కాసేపయ్యాక తానే దుప్పటి విప్పి చూపించాడు. నలుపు తెలుపు ఫోటో. కుర్చీలో ఇరవై ఏళ్ల పడుచు. పెదవులు బిగుసుకుని ఉన్నాయి. కళ్లు మాత్రం విప్పారి, నన్ను దాటి నా వెనక ఎవరినో చూస్తున్నట్టున్నాయి. ఎడమ భుజం మీద వెనకనుంచి ఒక చేయి, వేళ్లు గట్టిగా అదిమి.

"ఆ చేయి మా మేనత్తది. వదినంటే ఆమెకు అంత పానమంట" అన్నాడు పుల్లన్న.

తల్లి లేని అతన్ని సాకిన ఆ మేనత్తే ఆ పటానికి కీడూ చేసింది. చేసిందంటే, మన ఇళ్లలో అందరూ చేసేదే. ఈ సీమలో నేను రాత్రి తలదాచుకున్న ఇళ్లకు లెక్కలేదు. ప్రతి ఇంట్లోనూ పోయినవాళ్లు గుమ్మం పైన పటాలై వరసగా ఉంటారు, శుక్రవారం శుక్రవారం తడిగుడ్డతో అద్దం తుడిచి కొత్తగా బొట్టు పెడతారు. తాగే నీళ్లకు ట్యాంకరు కోసం నిలబడిన వారం కూడా పటాలకు తడిగుడ్డ తప్పదు. నలభై ఎనిమిదేళ్ల శుక్రవారాల తడి చట్రం సందులోంచి లోపలికి దిగి, ఫోటో అద్దానికి అంటుకుపోయింది. ఇప్పుడు ఒకదాన్నించి ఒకటి రాదు.

రాకపోతే ఏమని అడిగాను. అప్పుడు తెరిచాడు అట్టపెట్టె సంగతి.

కదిరిలో మూతబడిన ఇంటర్నెట్ సెంటరు నుంచి పుల్లన్న పాత కంప్యూటరొకటి తెచ్చుకున్నాడు. చేలో పనిలేని రోజులే ఎక్కువ కాబట్టి వీడియోలు కూర్చడం నేర్చుకున్నాడు. కూతురు సువర్ణకు ఆడపిల్ల పుట్టింది. ఆదివారం పేరు పెడతారు. రికార్డుల్లో మౌనిక, ఉయ్యాల తొట్లో మాత్రం బయమ్మ. ఆ రోజు టీవీలో చూపించడానికి చుట్టాల ఇళ్లు తిరిగి నలభై ఫోటోలు పోగుచేశాడు. చివరిది తల్లిది. అది మెల్లగా దగ్గరికి వచ్చి, వచ్చి, కళ్లు టీవీ అంతా నిండాలి. పక్కన పసిబిడ్డ కళ్లు.

"ఆ కండ్లే బిడ్డకొచ్చినాయంటాండారు అందరూ. మాయమ్మను నేనూ చూడలే కదా. నాకు తెలిసిందల్లా ఆ కండ్లే."

ఫోనుతో తీస్తే అద్దంలో అతని తలకాయే నీడగా పడింది. అందుకని పోయిన నెల అనంతపురం పోయి స్కానర్ కొన్నాడు. అంగట్లో రెండు రకాలు చూపించారు. ఒకటి లావుది, లోపల దీపం, దానికి వేరే కరెంటు కావాలి. ఇంకొకటి పరీక్ష రాసే అట్టంత పలచటిది, కంప్యూటర్ తీగతోనే నడుస్తుంది. వాళ్ల ఊళ్లో కరెంటు సంగతి తలచుకుని పలచటిది తీసుకున్నాడు. విడి ఫోటోలన్నీ అద్భుతంగా వచ్చాయి. ఈ ఒక్కటే పొగమంచులో మనిషిలా వచ్చింది.

"దుడ్లు పోతే పోనీ. దీన్ని ఇచ్చేసి లావుది తెచ్చుకుంటా" అన్నాడు.

ఇంకో బస్సు వచ్చింది. అనంతపురంలో నాకు పనేమీ లేదు. ఉన్నట్టుగా అతని వెంట దిగి నడిచాను.

స్కానర్ అమ్మిన అంగడి బదరీనారాయణది. డెబ్బై దాటినవాడు. వాళ్ల నాయన కాలంలో అదే గదిలో ఫోటో స్టూడియో ఉండేదట. పటాన్ని వెలుతురుకు పట్టి చూసి తల ఆడించాడు.

"ఏమప్పా, ఈ పలచటి మిషన్‌కు తనకు తగిలిందే కనపడేది. నడాన ఈ అద్దమంత సందున్నా దానికి చత్వారమే. లావుదైతే కొంచెం లోతుకు చూస్తాది. కొనేటప్పుడే ఈ పటం తెచ్చింటే చెప్పిందును."

"ఇప్పుడియ్యి."

"అయిపోయినాయి. అడిగేవాళ్లు లేరని తెప్పించేది మానుకున్నాం. బెంగళూరు నుంచి రావాలంటే పది దినాలు."

పుల్లన్న గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు. ఆదివారానికి మూడు రోజులే ఉంది.

అప్పుడు నేను నోరు తెరిచాను. ఇలాంటి ఫోటోను చల్లని నీళ్లలో నానబెడితే అద్దాన్ని వదిలేస్తుందని ఎక్కడో చదివాను. ఆ మాటే చెప్పాను. చదివినదంతా ఎవరికో ఒకరికి చెబితే తప్ప కుదురుండదు నాకు. బదరీనారాయణ కూడా, "అవును, మేమూ అట్లే చేస్తాంటిమి" అన్నాడు. ఇద్దరు ముసలివాళ్లు ఒక్క మాట మీద నిలబడితే పుల్లన్న ఏమంటాడు. ప్లాస్టిక్ పళ్లెం తెచ్చారు. చట్రం విప్పి, అద్దంతో సహా ఫోటోను నీళ్లలో ఉంచి టీ తాగాం. "వదిలినాక అదే మిషన్‌లో పెట్టుకోప్పా, వెంట్రుకతో సహా వస్తాది" అని బదరీనారాయణ నవ్వాడు కూడా.

అరగంటకు ఒక మూల లేచింది. పుల్లన్న రెండు చేతులూ నీళ్లలో పెట్టి అద్దాన్ని పక్కకు జరిపాడు. ఒక్క చిరుగు లేకుండా ఫోటో విడిపోయింది. నీళ్లలో సన్నటి నల్లని పోగు ఒకటి, తెల్లని పోగు ఒకటి సాగి కలిసిపోయాయి.

ఫోటోలో బయమ్మ కళ్లు మూసుకుని ఉంది.

బదరీనారాయణ పళ్లెం మీదికి వంగి చూశాడు.

"నాకు తట్టకపాయ. ఆ కాలంలో బతికుండంగా ఫోటో దిగినోళ్లు తక్కువప్పా. పోయినాక కుర్చీలో కూర్చోబెట్టి తీయిస్తాండిరి. ఇంటోళ్లు అడిగితే సన్న కుంచెతో రెప్పల మీద కండ్లు గీసేవాళ్లు. మా నాయనా గీసినాడు."

"ఈమెకు గీసింది ఆయనేనా?" అని పుల్లన్న అడిగాడు.

"ఏమో. కదిరిలోనూ గీసేవాళ్లుండిరి."

"మల్ల గీయగలవా?"

"నాకు చేయి రాదు. గీసినా అవి నేను గీసిన కండ్లవుతాయి."

పుల్లన్న తడి ఫోటోను అరచేతుల మీదికి తీసుకున్నాడు. భుజం మీద అదిమిన వేళ్లను చూసి, "మా యత్త. పడిపోకుండా పట్టుకోనుండాది" అన్నాడు, మాతో కాదు.

నీళ్లలో పెట్టమన్నది నేనేనని చెప్పబోయాను. అది అతనికి తెలియంది కాదు. తప్పు ఒప్పుకుంటే తేలికపడేది నేనే గాని అతను కాదు.

బదరీనారాయణ గల్లాపెట్టె తెరిచాడు. "ఆ పలచటిది ఈడ పెట్టిపో. దుడ్లు వాపసు ఇచ్చేస్తా."

"వద్దు. ఇది తీసిన దాంట్లో మసగ్గానైనా కండ్లు తెరుచుకోనుండాయి" అన్నాడు పుల్లన్న. అట్టపెట్టెను చంకలో ఇరికించుకున్నాడు. చట్రాన్నీ అద్దాన్నీ, తెచ్చిన దుప్పటినీ తాకలేదు.

"ఆదివారం ఏది చూపిస్తావు పుల్లన్నా?" అన్నాను.

అప్పటికే మెట్లు దిగుతున్నాడు. వీధిలో దుమ్ముగాలి లేచింది. పొద్దున చెట్ల కింద చేసినట్టే గాలికి వీపు తిప్పి, తడి ఫోటోను రొమ్ముకు దగ్గరగా పట్టుకుని, నాలుగడుగులు వెనక్కి వెనక్కి నడిచాడు. ముఖం మా వైపే ఉంది. చూపు చేతుల్లోని ఫోటో మీంచి లేవలేదు. గాలి తగ్గాక అటు తిరిగి బస్టాండు వైపు పోయాడు.