ఒక్క ఊపిరికి ఎన్ని పేర్లు

మనిషి ఎంత కష్టపడుతున్నాడో చెప్పే యంత్రాలు ఇప్పుడు మణికట్టుకే వచ్చేశాయి గానీ, నేను ఉద్యోగం కోసం నడక సాధన చేసిన రోజుల్లో ఆ పని చుట్టాలే చేసేవారు, అదీ ఎవరూ అడగకుండానే. అటవీ శాఖ కొలువుకు రాత పరీక్ష గట్టెక్కినవాళ్లకు నడక పరీక్ష ఉంటుంది. చెప్పిన దూరం చెప్పిన గంటల్లో నడవాలి. అంతకుముందు ఒకసారి నేను కాస్త దూరం మిగిలి ఉండగానే రోడ్డు పక్కన కూలబడి, వెనక వచ్చే జీపులో దర్జాగా తిరిగొచ్చాను. ఈసారీ తప్పితే వయసు దాటిపోతుంది, ఇక ఆ ఉద్యోగం ఆశ వదులుకోవలసిందే.

అప్పుడు రంగంలోకి దిగాడు మా అమ్మ తమ్ముడు. సైన్యంలో పనిచేసి వచ్చాడు కాబట్టి ఊరంతా ఆయనను మిలట్రీ మామ అనేవారు (అక్కడ ఆయన వంటవాడని మా ఇంట్లోవాళ్లకే తెలుసు). "ఉత్తగ నడిస్తే ఏం లాభం కోడలా? బరువేసుకొని నడువు. పరీక్ష నాడు బరువు తీసేస్తే గాలిలెక్క పోతవ్," అన్నాడు. పాత సంచీలో రేషన్ బియ్యం పోసి, అది వీపుకు కొట్టుకోకుండా అమ్మ పసుపు రంగు నేత చీర చింపి కట్టాడు. ఎంత బరువు సరిపోతుందో ఎట్లా తెలుస్తుందని అడిగాను. "గడియారం దూరం చెప్తది, కష్టం చెప్పదు. కష్టం సంగతి నోటికే ఎరుక. నడుచుకుంట మాట్లాడు," అన్నాడు. ఏం మాట్లాడాలి? రాత్రి ప్రార్థనలో అమ్మ మా వాళ్లందరినీ పేరుపేరునా దేవుడికి అప్పజెప్పేది: అమ్మమ్మ మోకాళ్లు, పెద్దనాన్న షుగరు, చిన్నక్క కాన్పు, పాస్టరు గారి మోటారు సైకిలు. ఆ వరసే చదవమన్నాడు. ఒక్క ఊపిరికి నలుగురు వస్తే ఇంకాస్త బియ్యం పొయ్యాలి, ఇద్దరు వస్తే సరి, ఒక్కరూ పూర్తిగా రాకపోతే మూట దించెయ్యాలి. మొదటి వారమంతా నేను అమ్మమ్మ దగ్గరే ఆగిపోయాను. మోకాళ్ల దాకా కూడా చేరలేదు.

పరీక్ష ఇంకో వారం ఉందనగా, పూర్తి దూరం బరువుతో నడిచి చూడాలని మామ నిర్ణయించాడు. మా ఊరు, పాల్వంచ నుంచి భద్రాచలం పోయే రోడ్డు మీదే ఉంటుంది. తెల్లవారగానే భద్రాచలం వైపు బయలుదేరాం, నేను నడక, మామ వెనకాల సైకిలు. బూట్లు కరిచి మడమ పుండైందని వట్టి కాళ్లతోనే నడిచాను. శ్రీరామనవమి దగ్గరపడి, సీతారాముల కల్యాణానికి తలంబ్రాల బియ్యం మోసుకుంటూ జనం ఆ దారిన కాలినడకన పోతున్న రోజులవి. మేమేమో చర్చికి పోయేవాళ్లం, నవమి మాకు క్యాలెండర్లో ఒక సెలవు. వట్టి కాళ్లు, వీపున పసుపు మూట, ఆగకుండా ఆడుతున్న పెదవులు చూసి ఎవరైనా ఏమనుకుంటారో మా ఇద్దరికీ తట్టనే లేదు.

మామ ఛాయ్ తాగడానికి వెనక ఆగినప్పుడు ఒక ముసలమ్మ నాకు అడ్డం వచ్చింది. "బిడ్డా, నాకు నడవ శాతనైతలేదు. నా తరఫున గీ గింజలు రాముని లగ్గానికి చేర్చు," అంటూ నా వీపు మీది మూట ముడి సడలించి దోసెడు బియ్యం పోసింది. "అవ్వా, నేను..." అన్నాను. అంతే వచ్చింది. ఉన్న ఊపిరంతా అప్పుడే పెద్దనాన్న షుగరుకు ఖర్చయిపోయింది. మిగతా మాట కూడగట్టుకునేలోపే ఆమె నా కాళ్లకు మొక్కి వెళ్లిపోయింది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు వచ్చారు. (నిలబడ్డా కాళ్లు ఆడిస్తూనే ఉండాలని మామ ఆజ్ఞ. అట్లా ఆడిస్తున్న నన్ను చూసి పూనకం అనుకొని ఒకాయన కర్పూరం కోసం ఇంట్లోకి పరుగెత్తాడు.) మిరప తోటల దగ్గర, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతు భార్య చెంబుడు మజ్జిగ ఇచ్చి, డబ్బాడు బియ్యం ఒంపింది. నేను నోరు తెరిచి గాలి మింగడం చూసి, "ఆ అమ్మాయిని పలకరించకండే, మౌనవ్రతంలో ఉన్నట్టుంది," అని పక్కవాళ్లను కసిరింది కూడా.

మామ వచ్చి, "ఎంతమంది వస్తున్నరు కోడలా?" అని అడిగాడు. ఒక వేలు చూపించాను, అదీ సగం మడిచి. మూట దించబోయి ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఏందిది, బియ్యం పిల్లలు పెట్టినయా?" ఊపిరి తిరిగాక జరిగింది చెప్పాను. పడీపడీ నవ్వి, తరువాత ఆలోచనలో పడ్డాడు. ఎవరివి వాళ్లకు తిరిగి ఇద్దామంటే, మా రేషన్ బియ్యంతో సహా అన్నీ కలిసిపోయాయి. "సైకిలు మీద వెయ్, నేను తీస్కపోత," అన్నాడు. "వాళ్లు నడిచి చేర్చమనే కదా మామా ఇచ్చిన్రు," అన్నాను. "మరి కాళ్లు చెడితే? వారంల పరీక్ష!" ఆ మాటకు నిజంగానే భయం వేసింది. ఈ కాళ్లు తప్ప నాకు వేరే ఆధారం లేదు. అయినా మూట ఎత్తుకున్నాను. ఎందుకంటే ఆ ముసలమ్మ ముఖం చూసింది నేను, మామ కాదు. సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కేసరికి నా నోట్లో అమ్మమ్మ కూడా మిగలలేదు.

గుడి దగ్గర బియ్యం తీసుకునే పెద్దాయన ఊరూ పేరూ గోత్రమూ అడిగాడు. ఊరు, పేరు చెప్పాను. గోత్రం దగ్గర మామ దగ్గాడు. పెద్దాయన మూటలో చెయ్యి పెట్టి, "ఇందుల రేషన్ బియ్యం ఉన్నయేంది?" అన్నాడు. "అవి మాయి," అన్నాడు మామ. ఇక దాచడానికి ఏముంది, మొత్తం కథ చెప్పాను. ఆయన నా కాళ్ల వంక చూసి, "ముందు కూసో బిడ్డా, నీళ్లు తాగు," అని మూట అందుకున్నాడు. ఇంటికి వచ్చి భయపడుతూ అమ్మకు చెబితే, "లగ్గానికి రేషన్ బియ్యం ఇచ్చి వచ్చిన్రా? అడిగితే మంచియి ఇయ్యకపోదునా?" అని ఇద్దరినీ కలిపి తిట్టింది.

పరీక్ష నాటికి పుండ్లు మానాయి. వీపున ఏమీ లేకపోయేసరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, పక్కన నడిచే అమ్మాయికి మా చుట్టాలందరి సంగతులూ చెబుతూ చివరిదాకా నడిచాను. ఉద్యోగం వచ్చింది, దానితోపాటు మెల్లగా ఒంటికి బరువూ వచ్చింది. ఇప్పుడు నవమి ముందు ఆ రోడ్డున పోతుంటే, మూటలతో నడిచేవాళ్లను చూసి జీపు పక్కకు ఆపిస్తాను. దిగి, ఎదురు నడిచి మంచినీళ్లు ఇస్తాను. ఏ ఊరనీ, ఏం మొక్కుకున్నారనీ అడగను. వాళ్ల దగ్గర ఊపిరి లేదని కాదు. జీపు నుంచి అంత దూరం నడిచాక నా దగ్గరే ఉండదు.